మేనేజర్ రౌండ్‌లో "కొలీగ్‌తో ఎప్పుడైనా గొడవ వచ్చిందా?" అంటే నా జవాబు ఇదీ, చూసి చెప్పండి

మియాపూర్_మెట్రో · సోమవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను, ఐదేళ్ల అనుభవం. టెక్నికల్ రౌండ్లు అయిపోయాయి, వచ్చే బుధవారం మేనేజర్ రౌండ్. ఆ కంపెనీకి ఇంతకుముందు ఇంటర్వ్యూకి వెళ్లొచ్చిన ఫ్రెండ్ చెప్పాడు, "టీమ్‌లో ఎవరితోనైనా తేడా వస్తే ఏం చేశావు" అని తప్పకుండా అడుగుతారట. నేను రాసుకున్నది ఇదీ:

"ఒక ప్రాజెక్టులో డెవలపర్ నేను పట్టిన బగ్‌ని రెండుసార్లు రిజెక్ట్ చేశాడు. అతను కొంచెం నిర్లక్ష్యంగా ఉండేవాడు. నేను ఓపిగ్గా, మర్యాదగా మాట్లాడి నచ్చజెప్పాను. చివరికి తన తప్పు ఒప్పుకున్నాడు. రిలీజ్ టైముకి అయిపోయింది. ఆ తర్వాత మంచి స్నేహితులమయ్యాం."

ఇంగ్లీషులో చెబితే నిమిషం కూడా పట్టట్లేదు. ఇంకేమైనా కలపాలా?

తెనాలి_తంటా · 9:20

శుభం కార్డు కలుపు, సరిపోతుంది.

పాత_ప్యానెల్ · 9:58

బాబూ, ఇంటర్వ్యూ బల్లకి అవతలివైపు చాలా ఏళ్లు కూర్చున్నవాణ్ణి. నీ దగ్గర సరుకు ఉన్నట్టే ఉంది, నువ్వే దాచేశావు.

"మర్యాదగా మాట్లాడి నచ్చజెప్పాను" అన్నావు చూడు, మేం ఆ ప్రశ్న అడిగేదే ఆ ముక్క కోసం. నువ్వు దాన్నే ఒక్క వాక్యంలో దాటేశావు. ఎక్కడ మాట్లాడావు? జిరా (బగ్‌లు నమోదు చేసే సాఫ్ట్‌వేర్) కామెంట్లలోనా, మెయిల్‌లోనా, అతని సీటు దగ్గరికి వెళ్లా? ముందు నోరు విప్పింది ఎవరు, ఏమని? మధ్యలో మేనేజర్‌ని సీసీలో పెట్టావా? అసలు అతను ఎందుకు రిజెక్ట్ చేశాడు? ఈ ఆఖరి ప్రశ్నకి నీ దగ్గర "నిర్లక్ష్యం" తప్ప వేరే జవాబు లేకపోతే, అతని మాట నువ్వు వినలేదని నేను రాసుకుంటాను.

ఇంకో సంగతి. "నిర్లక్ష్యంగా ఉండేవాడు" అనగానే వినేవాడి మనసు డెవలపర్ వైపు వెళ్లిపోతుంది. ఎదురుగా లేని మనిషి మీద చెబుతున్నావు కదా, రేపు మా గురించి ఇంకోచోట ఇలాగే చెబుతాడు అనుకుంటాం. మనిషి ఎలాంటివాడో చెప్పకు, ఏం చేశాడో చెప్పు. "రెండుసార్లు రిజెక్ట్ చేశాడు" దాకా బాగుంది, అక్కడే ఆగు.

"తప్పు ఒప్పుకున్నాడు" పూర్తిగా తీసెయ్. అది గెలుపు కథ. మాకు కావాల్సింది పని ఎలా ముందుకి కదిలిందీ అని.

స్టార్ పద్ధతి అని యూట్యూబులో అందరూ చెబుతుంటారు కదా: సందర్భం, నీ బాధ్యత, నువ్వు చేసింది, ఫలితం. 1974లో డీడీఐ అనే అమెరికా సంస్థ తెచ్చిన పద్ధతి అది. ఇంటర్వ్యూ చేసేవాడు అభ్యర్థి నోట్లోంచి ఏమేం రాబట్టాలో గుర్తుంచుకోడానికి పెట్టుకున్న నాలుగు గళ్లు. అందుకే చాలా ప్యానెళ్లలో మా కాగితం మీద కూడా అవే గళ్లు ఉంటాయి. నీ జవాబుకి మొదటి గడి నిండుతుంది, నాలుగోదీ నిండుతుంది. మూడోది ఖాళీ. మార్కులు ఎక్కువుండేది మూడో గడికే.

నిజంగా జరిగింది ఇక్కడ రాయి. అందరం కలిసి చూద్దాం.

మియాపూర్_మెట్రో · 10:41

థాంక్యూ సార్. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, కొంచెం పెద్దది.

ఇన్సూరెన్స్ రెన్యూవల్ పోర్టల్. ప్రీమియం పేజీలో డిస్కౌంట్ కోడ్ వేసి, బ్రౌజర్‌లో వెనక్కి వెళ్లి మళ్లీ ముందుకొస్తే ఒక్కోసారి డిస్కౌంట్ రెండుసార్లు పడేది. ప్రతిసారీ కాదు. నేను బగ్ పెట్టాను. అతను తన మెషీన్‌లో చూసుకుని "రావట్లేదు" అని మూసేశాడు. నేను మళ్లీ తెరిచాను, మళ్లీ మూశాడు. రెండోసారి కామెంట్‌లో "సరిగ్గా టెస్ట్ చేసి పెట్టండి" అని రాశాడు, అది టీమ్ మొత్తం చూసింది. అప్పుడు నాకు బాగా మండింది. రిలీజ్ శుక్రవారం, ఇది మంగళవారం.

నేను జిరాలో జవాబు ఇవ్వలేదు. టీ టైములో అతని సీటు దగ్గరికి వెళ్లి, "నీ దగ్గర రావట్లేదు, నా దగ్గర వస్తోంది, ఇద్దరం పక్కపక్కన పెట్టి చూద్దామా" అన్నాను. గంట పైనే కూర్చున్నాం. తేలిందేంటంటే, అతని మెషీన్‌లో ఒక్కటే సర్వర్. మా టెస్ట్ ఎన్విరాన్‌మెంట్‌లో (టెస్టింగ్‌కి వాడే సర్వర్ల ఏర్పాటు) రిక్వెస్టులు పంచే లోడ్ బ్యాలెన్సర్ వెనక రెండు సర్వర్లు. డిస్కౌంట్ వాడేశారన్న గుర్తు ఒక సర్వర్ మెమరీలోనే ఉంటోంది, వెనక్కెళ్లి వచ్చినప్పుడు రిక్వెస్టు రెండోదానికి పడితే దానికి ఆ సంగతి తెలీదు. అందుకే ఒక్కోసారి వస్తుంది, ఒక్కోసారి రాదు.

అయినా సరిచెయ్యడం చిన్న పని కాదు, శుక్రవారానికి కాదన్నాడు. నేనేమో సరిచెయ్యకుండా వదలొద్దన్నాను. ఇద్దరం లీడ్ దగ్గరికి వెళ్లాం. ఆవిడ ఈ రిలీజ్‌లో డిస్కౌంట్ కోడ్ ఆపేసి, తర్వాతి రిలీజ్‌లో సరిచేసి పెడదామన్నారు. నాకు నచ్చలేదు గానీ సరే అన్నాను.

పాత_ప్యానెల్ · 10:55

ఇంత కథ పెట్టుకుని "ఓపిగ్గా నచ్చజెప్పాను" అంటావేమయ్యా!

ఇందులో ఇద్దరూ నిజమే చెబుతున్నారు, చూశావా. అతని మెషీన్‌లో నిజంగానే రావట్లేదు. "అతను చెప్పింది అబద్ధం కాదు, కారణం మా ఇద్దరికీ కనబడనిచోట ఉంది" అని నీ నోటితో నువ్వే అంటే ప్యానెల్ నిన్ను వేరే కన్నుతో చూస్తుంది. అవతలివాడి వాదనని అతను ఒప్పుకునేంత న్యాయంగా చెప్పగలగాలి. నేను చూసినవాళ్లలో ఇది చెయ్యగలిగింది చాలా కొద్దిమంది.

డాలస్_బావ · మంగళవారం ఉదయం 6:30

ఇక్కడ ఇంకా సోమవారం సాయంత్రమే, ఆఫీసు నుంచి వస్తూ చదివాను. ఆ చివరి వాక్యం మీద ఎవరూ మాట్లాడలేదేంటి? "నాకు నచ్చలేదు గానీ సరే అన్నాను." నన్నడిగితే అదే అసలు సరుకు.

అమెజాన్ వాళ్ల నాయకత్వ సూత్రాలు ఇప్పుడు 16 ఉన్నాయి, వాటిలో ఒకటి "హ్యావ్ బ్యాక్‌బోన్, డిసగ్రీ అండ్ కమిట్". తెలుగులో చెప్పాలంటే, ఒప్పుకోకపోతే మొహమాటం లేకుండా ముందే చెప్పు, నిర్ణయం అయ్యాక మాత్రం మనసులో పెట్టుకోకుండా దానికి పని చెయ్యి. వాళ్ల ఇంటర్వ్యూలో ఈ సూత్రం మీద ప్రశ్న పడే అవకాశం బాగా ఉంటుంది. బార్ రైజర్ అని వేరే టీమ్ నుంచి ఒకరు వచ్చి కూర్చుంటారు. ఆ ఉద్యోగం ఖాళీ వెంటనే నింపాలన్న తొందర ఆ మనిషికి ఉండదు, తీరిగ్గా తవ్వుతారు.

మనవాళ్లు రెండో సగం బాగా చెబుతారు: "లీడ్ చెప్పారు, చేశాను." మొదటి సగం చెప్పరు. అసలు నువ్వు కాదన్నావా, ఎవరితో, ఏ ఆధారంతో? అది లేకపోతే తలూపేవాడివి అనుకుంటారు. తమ్ముడూ, లీడ్ ముందు నీ వాదన ఏమని చెప్పావో రెండు వాక్యాల్లో పెట్టు. ఆ తర్వాత సరే అన్నాక ఏం చేశావో కూడా. డిస్కౌంట్ ఆపేశాక దాన్ని నువ్వు టెస్ట్ చేశావు కదా? అదే కమిట్ అవ్వడం.

తెనాలి_తంటా · 8:05

అంతా బాగానే ఉంది గానీ, ఒక మాట అడుగుతా. ఈ డెవలపర్ కథలన్నీ సమానుల మధ్య. మనలో చాలామందికి గొడవ పడేది మేనేజర్‌తో. నేను చేసిన పని తన పేరు మీద క్లయింటుకి పంపుకున్న మేనేజర్ ఉన్నాడు నాకు. దాన్ని "ఇద్దరూ నిజమే చెబుతున్నారు" అని ఎలా చెప్పాలండీ? నిజం చెబితే ఫిర్యాదులకోరు అంటారు, చెప్పకపోతే అనుభవం లేదంటారు. ప్యానెల్‌లో కూర్చునేదీ మేనేజర్లే కదా, మేనేజర్ తప్పు చేశాడంటే ఎవరు వింటారు?

పాత_ప్యానెల్ · 8:40

తెనాలి గారూ, నిష్ఠూరంగా ఉన్నా మీరన్నదాంట్లో సగం నిజం. పేరు కొట్టేసిన కథ ఎంత న్యాయంగా చెప్పినా వినేవాడికి ఒక పక్షమే వినబడుతుంది, తేల్చుకునే దారి అతనికి లేదు. అందుకే నేను ఆ కథ ఎంచుకోవద్దంటాను. ఎవరు ఒప్పు, ఎవరు తప్పు అన్నది పనిలోనే తేలే కథ చూసుకోండి. డెడ్‌లైన్ విషయంలోనో, డిజైన్ విషయంలోనో మేనేజర్‌తో తేడా వచ్చి ఉంటుంది కదా? అది చెప్పండి.

తెనాలి_తంటా · 8:52

అంటే ఎక్కువ నొప్పి పెట్టింది చెప్పకూడదు, తక్కువ నొప్పి పెట్టింది చెప్పాలి.

పాత_ప్యానెల్ · 8:59

అవును. అది ఇంటర్వ్యూ, పంచాయితీ కాదు. తీర్పు ఇచ్చే పెద్దమనుషులు అక్కడ ఉండరు.

తెనాలి_తంటా · 9:03

నచ్చలేదు గానీ సరే.

పరవాడ_క్యూసీ · 11:25

ఐటీ వాళ్ల సలహాలు అందరికీ పనిచెయ్యవండి, నేనొక మాట చెబుతాను. మాది ఫార్మా, విశాఖ దగ్గర. క్వాలిటీ కంట్రోల్. ఇక్కడికొచ్చి "ఇద్దరం చెరో మెట్టు దిగి మధ్యేమార్గం కనుక్కున్నాం" అంటే ఆ ఇంటర్వ్యూ అక్కడితో అయిపోయినట్టే.

మాకు పడే ప్రశ్న దాదాపు ఇలా ఉంటుంది. నెలాఖరు, డిస్పాచ్ ఉంది. మందులో అసలు పదార్థం ఎంతుందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో అస్సే (ఆ కొలత) రిజల్టు స్పెసిఫికేషన్ (ఉండాల్సిన హద్దు) దాటింది. ప్రొడక్షన్ మేనేజర్ ల్యాబ్‌కి వచ్చి "శాంపిల్ ఇంకోసారి ఇంజెక్ట్ చేసి చూడమ్మా, వచ్చేస్తుంది" అన్నాడు. ఏం చేస్తావు?

చాలామంది ఫ్రెషర్లు ఏటంటారంటే, "సార్ సీనియర్ కాబట్టి ఇంకోసారి చేసి చూస్తాను." పాస్ అయ్యేదాకా మళ్లీ మళ్లీ టెస్ట్ చేసి చివరిదే రాసుకోవడం అన్నది అమెరికా కోర్టుల దాకా వెళ్లిన వ్యవహారం. 1993లో బార్ లేబొరేటరీస్ అనే మందుల కంపెనీ కేసు తీర్పు దీని మీదే పేరుపడ్డది. తర్వాత 2006లో ఎఫ్‌డీఏ (అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ) ఓఓఎస్ గైడెన్స్ ఇచ్చింది. ఓఓఎస్ అంటే రిజల్టు స్పెసిఫికేషన్ దాటడం. ముందు ల్యాబ్‌లో తప్పేమైనా జరిగిందా అని చూడాలి: లెక్క, డైల్యూషన్, స్టాండర్డ్, పరికరం. ఆ పరిశోధన అయ్యేదాకా తయారుచేసిన ద్రావణాలు పారబొయ్యకూడదు. కారణం దొరక్కుండా మొదటి రిజల్టు కొట్టెయ్యకూడదు.

కాబట్టి మా జవాబులో మెత్తగా ఉండాల్సింది గొంతు ఒక్కటే. "సార్, డిస్పాచ్ ఒత్తిడి నాకు అర్థమవుతోంది. రిజల్టు ఇప్పటికే సిస్టమ్‌లో ఉంది, ఆడిట్ ట్రయిల్‌లో కనబడుతుంది. ఓఓఎస్ తెరిచి మా సూపర్‌వైజర్‌కి చెప్పాను. ల్యాబ్ వైపు పరిశీలన ఎంత తొందరగా అవుతుందో అంత తొందరగా చేస్తాం, ఎప్పటికి చెప్పగలనో మీకు ఫోన్ చేస్తాను." ఇంతే. అతన్ని దొంగ అనక్కర్లేదు. నెలాఖరు టార్గెట్ అతని మెడ మీద ఉంది, అడగడం అతని పని. కాదనడం మన పని.

పాత_ప్యానెల్ · 11:50

చాలా మంచి మాట చెప్పారు. 1974లోనే థామస్, కిల్‌మన్ అని ఇద్దరు గొడవల్లో మనుషులు తీసుకునే దారుల్ని ఐదుగా విడదీశారు: పట్టుబట్టడం, కలిసి తేల్చుకోవడం, చెరి సగం దిగిరావడం, తప్పుకోవడం, లొంగిపోవడం. ఎంబీఏ పిల్లలు దీన్ని బట్టీ కొట్టి "నేనెప్పుడూ కలిసి తేల్చుకుంటాను" అంటారు. ఎప్పుడూ అన్నవాణ్ణి నేను నమ్మను. ఐదూ ఒక్కో చోట సరైనవే. ఫలానా చోట పట్టుబట్టాను, ఫలానా చోట వదిలేశాను, ఎందుకంటే ఇదీ అని చెప్పగలిగితే చాలు.

సిస్టర్_కరీంనగర్ · మధ్యాహ్నం 2:10

నేను స్టాఫ్ నర్సుని. మా ఫీల్డ్ల గూడ గిదే ముచ్చట. హైదరాబాద్ల ఒక పెద్ద హాస్పిటల్ ఇంటర్వ్యూకి పోయినప్పుడు అడిగిన్రు, "డ్యూటీ డాక్టర్ నీ మాట పట్టించుకోకపోతే ఏం జేస్తవ్?" అని.

నేను జరిగిందే చెప్పిన. నైట్ డ్యూటీ, ఆపరేషన్ అయిన పేషెంటు, బీపీ మెల్లగ పడుతున్నది, పల్స్ పెరుగుతున్నది. ఫోన్ చేస్తే డాక్టర్ "పొద్దున రౌండ్స్‌ల జూద్దాం" అన్నరు. ఆయనకు ఆ రాత్రి క్యాజువాలిటీల గూడ పేషెంట్లున్నరు, ఆయన తిప్పలు ఆయనకున్నది. నేను "సార్ మీరు రావాలె" అని మళ్ల అడిగితే ఫాయిదా లేదని, ఎస్‌బార్ పద్ధతిల చెప్పిన. సంగతేంది, పేషెంట్ వెనకటి వివరమేంది, నాకేం అనిపిస్తున్నది, మీరేం జెయ్యాలని అడుగుతున్న, ఈ నాలుగు వరుసగ. గంట కింద బీపీ ఎంత, ఇప్పుడెంత, డ్రెయిన్ల ఎంత వచ్చింది, యూరిన్ ఎంత తగ్గింది అన్ని అంకెలల్ల. "లోపట బ్లీడింగ్ అయితున్నదేమో అని నాకు భయముంది సార్, మీరు ఇప్పుడే వచ్చి చూడాలె" అన్న. వచ్చిండు.

ప్యానెల్ మేడమ్ వెంటనే అడిగింది, "రాకపోతే?" అని. నర్సింగ్ సూపర్‌వైజర్‌కి చెప్పి, కన్సల్టెంట్‌కి ఫోన్ చేస్త, ఎన్ని గంటలకు ఎవరికి చెప్పిన్నో కేస్ షీట్ల రాస్త అన్న. గా రెండో ప్రశ్నకే మార్కులు పడ్డయని నా నమ్మకం.

ఈ ఎస్‌బార్ అమెరికా నేవీ సబ్‌మెరైన్లల్ల పుట్టిందట, 2000ల మొదట్ల కైజర్ పర్మనెంటే హాస్పిటళ్లు తెచ్చుకున్నయి. ఇంగ్లండ్ పోదామనుకునే చెల్లెండ్లకు ఒక మాట: అక్కడి నర్సుల కౌన్సిల్ ఎన్‌ఎంసీ కోడ్‌ల పేషెంట్ భద్రతకు ముప్పు అనిపిస్తే ఆలస్యం జెయ్యకుండ చెప్పాలె అని రాసే ఉంటది. "డాక్టర్ గారు పెద్దోళ్లు, నేనేం అంటా" అని మర్యాదకు పోతే అక్కడ అది మర్యాద కాదు, తప్పు.

మియాపూర్_మెట్రో · 2:31

అక్కా, అంకెలతో చెప్పడం అన్నది నాకు బాగా తగిలింది. లీడ్ దగ్గర నేను "ఇది సీరియస్" అని మాత్రమే అన్నట్టు గుర్తు. ఆ తర్వాత ఎన్నిసార్లు చేస్తే ఎన్నిసార్లు వచ్చిందో షీట్ చూపించాను. దాన్నే ముందు పెడతాను.

పేరు_వద్దు · సాయంత్రం 4:15

నాదొక సందేహం, ఇక్కడ అడగొచ్చో లేదో. పాత ఆఫీసులో నేను మానేయడానికి కారణమే టీమ్ లీడ్. మాటలు, మెసేజీలు సరిగ్గా ఉండేవి కావు, నేను అమ్మాయిని కాబట్టే. "గొడవ ఎప్పుడైనా వచ్చిందా" అంటే నాకు గుర్తొచ్చేది అదొక్కటే. చెప్పాలా?

పరవాడ_క్యూసీ · 4:32

అమ్మా, వద్దు. నువ్వు సిగ్గుపడాల్సింది ఉందని కాదు, ఆ ప్రశ్న దాని గురించి కాదు. నీకు జరిగింది ఇద్దరి మధ్య అభిప్రాయభేదం కాదు, వేధింపు. దానికి 2013 చట్టం ఉంది. పదిమంది, అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న ప్రతి ఆఫీసులో అంతర్గత కమిటీ ఉండాలి. జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వొచ్చు, తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలల దాకా గడువు పొడిగించొచ్చు. ఉద్యోగం మానేశాక కూడా ఇవ్వొచ్చు. మెసేజీలు తుడిచెయ్యకు, ఫోన్ మార్చినా దాచుకో.

ఇంటర్వ్యూలో ఎందుకు మానేశావంటే "టీమ్ వాతావరణం నాకు సరిపడలేదు, ఇంకా నేర్చుకునే చోటు చూసుకుంటున్నాను" చాలు. తవ్వితే "అంతకంటే చెప్పడం నాకు ఇష్టం లేదు" అను. అనే హక్కు నీకుంది. గొడవ ప్రశ్నకి మాత్రం వేరే చిన్న పని విషయం చూసుకో.

పేరు_వద్దు · 4:50

థాంక్స్ అండీ. తేదీలు చూసుకుంటాను.

కొత్త_లీడ్ · సాయంత్రం 6:20

నాది లీడ్ ఇంటర్వ్యూలో చెప్పిన కథ, పనికొస్తే వాడుకోండి. ప్రొడక్షన్ సపోర్ట్ టీమ్, ఇరవైనాలుగు గంటలూ ఎవరో ఒకరు ఉండాలి. సంక్రాంతికి సగం టీమ్ ఊరెళ్లాలి, అందరూ గోదావరి జిల్లాలు, కృష్ణా, గుంటూరు వాళ్లే. మిగతావాళ్లు "ప్రతి ఏడూ మేమే ఉంటున్నాం" అని మొహాలు మాడ్చుకున్నారు. పైగా 2024 నవంబరు నుంచి రైలు రిజర్వేషను 60 రోజుల ముందే తెరుస్తున్నారు. టికెట్ దొరికినవాడు ముందు సెలవు పెట్టేసి "టికెట్ అయిపోయిందండీ" అని చేతులెత్తేస్తున్నాడు.

నేను చేసిందల్లా ముందు ఒక్కొక్కరితో విడిగా మాట్లాడటం. వరంగల్, సిద్దిపేట వాళ్లకి అసలు బాధ సంక్రాంతి షిఫ్టు కాదు, సద్దుల బతుకమ్మకీ దసరాకీ కూడా సెలవు దొరకట్లేదని. అప్పుడు దసరా, సంక్రాంతి రెండూ ఒకే షీట్లో పెట్టి, ఒకటి తీసుకున్నవాళ్లు రెండోదానికి ఉండేలా, రిజర్వేషను తెరవకముందే అందరితో ఒప్పించి మూసేశాను. ఒకతనికి మాత్రం కుదర్లేదు, వాళ్లింట్లో రెండు పండగలూ ముఖ్యమే. అత్తగారిది భీమవరం. అతన్ని ఇంటి నుంచి పనిచెయ్యనిచ్చాం.

ప్యానెల్‌లో ఒకాయన నవ్వి, "మా టీమ్‌కి కూడా ఆ షీట్ కావాలి" అన్నారు.

సిస్టర్_కరీంనగర్ · 6:41

మా వార్డుకు గూడ కావాలె ఆ షీట్.

బ్యాంకు_కలలు · రాత్రి 8:30

నాకసలు ఉద్యోగమే లేదు, గొడవ ఎక్కడి నుంచి తేవాలి? ఐబీపీఎస్ పీఓ (బ్యాంకు ఆఫీసర్ ఉద్యోగం) ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. మెయిన్స్‌కి 80, ఇంటర్వ్యూకి 20 వెయిటేజీ కాబట్టి ఇరవై అంటే తక్కువేం కాదు. "కౌంటర్ దగ్గర కస్టమర్ అరిస్తే ఏం చేస్తావు" లాంటివి అడుగుతారంటున్నారు.

పాత_ప్యానెల్ · 8:55

అవి రెండు వేరు ప్రశ్నలమ్మా. "ఏం చేశావు" అంటే గతం, "ఏం చేస్తావు" అంటే ఊహ. గతానికి ఉద్యోగమే అక్కర్లేదు. కాలేజీ ప్రాజెక్టులో పని చెయ్యని ఫ్రెండు, హాస్టల్ మెస్ బిల్లు, ఎన్ఎస్ఎస్ క్యాంపు, ఏదైనా సరే, నిజంగా జరిగి ఉంటే చాలు.

ఊహ ప్రశ్నకి మాత్రం "శాంతంగా వింటాను" అని ఆపకు. ఆ అరిచే మనిషి ఎవరో ఊహించుకుని చెప్పు. ఒకటో తారీకు, పెద్దాయన, పెన్షన్ పడలేదు, మూడుసార్లు తిప్పారు. ముందు క్యూ పక్కకి తీసుకెళ్లి కూర్చోబెడతావు, అకౌంట్ తెరిచి చూస్తావు, లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వలేదేమో చూస్తావు, నీ చేతిలో లేకపోతే ఎవరి చేతిలో ఉందో, ఎప్పటికి తేలుతుందో కాగితం మీద రాసిస్తావు. అప్పటికీ తృప్తి లేకపోతే ఫిర్యాదు నమోదు చేసి నంబరు ఇస్తావు. రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ (బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అధికారి) పథకంలో, బ్యాంకు 30 రోజుల్లో జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చింది నచ్చకపోయినా అక్కడికి వెళ్లొచ్చని ఉంది. ఆ దారి కస్టమర్‌కి నువ్వే చెబుతానంటే, గొడవకి భయపడవని తెలుస్తుంది.

బ్యాంకు_కలలు · 9:02

మెస్ బిల్లు గొడవ నిజంగా జరిగింది సార్ 😀 రాసుకుంటాను.

మియాపూర్_మెట్రో · గురువారం రాత్రి 10:15

అందరివీ కలిపి మళ్లీ రాశాను. ఇంగ్లీషులో చెప్పేదాన్ని ఇక్కడ తెలుగులో పెడుతున్నా:

"రిలీజ్‌కి మూడు రోజుల ముందు డిస్కౌంట్ రెండుసార్లు పడుతున్న బగ్ పెట్టాను. డెవలపర్ తన మెషీన్‌లో రావట్లేదని రెండుసార్లు మూసేశారు. కామెంట్లలో మాట కాస్త వేడెక్కింది. అక్కడే జవాబిస్తే ఇంకా పెరుగుతుందని ఆయన సీటు దగ్గరికి వెళ్లి, రెండు స్క్రీన్లు పక్కన పెట్టి చూద్దామన్నాను. ఆయన చెప్పింది నిజమే, ఆయన మెషీన్‌లో ఒక్క సర్వరే ఉంది. మా దగ్గర రెండు. కారణం దొరికింది గానీ, శుక్రవారానికి సరిచెయ్యలేమని ఆయన, వదలకూడదని నేను. హడావుడిగా ప్రోగ్రామ్ మారిస్తే వేరేచోట విరుగుతుందన్నది ఆయన భయం. నేను ఇరవైసార్లు చేస్తే ఏడుసార్లు వచ్చిందన్న షీట్ లీడ్‌కి చూపించి, కస్టమర్ డబ్బు విషయం కాబట్టి రిలీజ్ ఒకరోజు జరపమని అడిగాను. ఆవిడ రిలీజ్ జరపకుండా డిస్కౌంట్ కోడ్ ఆపేద్దామన్నారు. నేను అనుకున్నది అది కాదు. అయినా ఆ రాత్రే కోడ్ ఆపేసిన బిల్డ్ టెస్ట్ చేసి ఇచ్చాను. తర్వాతి రిలీజ్‌లో సరయింది. అప్పటి నుంచి మా బగ్ ఫారంలో ఏ ఎన్విరాన్‌మెంట్ అన్నది తప్పనిసరి గడి చేశాం."

రెండు నిమిషాలకి కొంచెం తక్కువ పడుతోంది.

డాలస్_బావ · శుక్రవారం ఉదయం 7:10

ఇదీ! ఇప్పుడు తవ్వే ప్రశ్న ఒకటి వేస్తా. ఆ డెవలపర్‌కి ఫోన్ చేసి ఇదే కథ అడిగితే ఏం చెబుతాడు?

మియాపూర్_మెట్రో · 8:45

మొదట్లో నేను పెట్టిన బగ్‌లో బిల్డ్ నంబరు తప్ప ఎన్విరాన్‌మెంట్ వివరం లేదని చెబుతాడు. ఆ మాట నాతో కూడా అన్నాడు. ఆ గడి అందుకే వచ్చింది.

డాలస్_బావ · 8:50

అడిగితే అదే చెప్పు, ఒక్క అక్షరం మార్చకు.

తెనాలి_తంటా · 9:15

ఒక చిన్న కత్తిరింపు. "కామెంట్లలో మాట కాస్త వేడెక్కింది" అన్నావు, ఎవరి మాట అని వాళ్లు అడుగుతారు. "సరిగ్గా టెస్ట్ చెయ్యమన్నాడు" అని ఉన్నదున్నట్టు చెప్పి, నువ్వు అక్కడ జవాబు ఇవ్వలేదని చెప్పు. దాచితేనే అనుమానం వస్తుంది. ఇంకోటి, సర్వర్ల వివరం ఆ ఒక్క వాక్యం దాటనివ్వకు. మేనేజర్‌కి లోడ్ బ్యాలెన్సర్ పాఠం మొదలెట్టావంటే రెండు నిమిషాలు అక్కడే అయిపోతాయి.

పాత_ప్యానెల్ · 9:40

తెనాలి గారి మాట వినండి. బుధవారం ఎన్నింటికి? ఆన్‌లైన్ అయితే ఆ ఇరవైలో ఏడు షీట్ పక్కన తెరిచి పెట్టుకో, అడిగితే చూపించొచ్చు. పాత కంపెనీ క్లయింటు పేరు, స్క్రీన్‌షాట్లు మాత్రం అందులో ఉండకూడదు.

మియాపూర్_మెట్రో · 9:52

పదకొండింటికి సార్, ఆఫీసుకే రమ్మన్నారు. షీట్ పాత కంపెనీ ల్యాప్‌టాప్‌లోనే ఉండిపోయింది, నా దగ్గర లేదు. అంకెలు మాత్రం గుర్తున్నాయి.

పాత_ప్యానెల్ · 10:01

అయితే ఇంకా మంచిది, నోటితోనే చెప్పు.